రైమో చలికాలపు విడిది

రైమోని నేను మొదటిసారి చూసినప్పుడు అతని చొక్కా కాలరు మీద ఒక్క ముడత లేదు. ఫిన్లాండులో మా ఊరు ఔలులో శనివారం సాయంత్రాలు మేము డాన్సుకి వెళ్ళే హాలు ఒకటుంది. నా వయసు మగాళ్ళు అక్కడికి బీరు వాసనతో, నలిగిన చొక్కాలతో వస్తారు. ఇతనేమో గోళ్ళు చక్కగా కత్తిరించుకుని, పల్చగా సెంటు పూసుకుని, నా కుర్చీ ముందు వంగి, "ఈ టాంగో నాతో చేస్తారా?" అని అడిగాడు. చేశాను.

నాకప్పుడు యాభై మూడేళ్ళు. విడాకులు తీసుకుని చాలా ఏళ్ళయింది. అతనికి భార్య పోయింది. ఇళ్ళకి వేడిగాలి మిషన్లు అమ్ముతాడు, మాట తీయగా ఉంటుంది. ఆ శరత్కాలమంతా కాఫీలకీ డాన్సులకీ తిరిగాం. మా చెల్లెలు రిత్వా అయితే, "ఇంకా ఏం చూస్తున్నావే తార్యా? వాడి ఇంటికి పెట్టె సర్దుకో. ఈ వయసులో సబ్బుతో స్నానం చేసే మగాడు దొరకడమే ఎక్కువ" అని నవ్వేది. వేసవికల్లా ఒకే ఇంట్లో ఉందామని రైమో కూడా అప్పుడప్పుడు అనేవాడు. నేను కాదనలేదు.

జనవరిలో ఒకరోజు అన్నాడు. "నాలుగు రోజులు సెలవు పెట్టు. ఉత్తరాన సరస్సు ఒడ్డున నా విడిది ఉంది కదా, వెళ్దాం. మంచు, నిశ్శబ్దం, మనిద్దరం. స్వర్గం అనుకో."

ఒక మాట ముందే చెప్పాలి. నేను సుకుమారిని కాను. బడి వంటశాలలో పని నాది. రోజూ మధ్యాహ్నం మూడొందల మంది పిల్లలు వదిలేసిన పళ్ళాలు గీకి తొట్టిలో వేస్తాను. నమిలి ఉమ్మిన మాంసం ముక్కలు, పాలలో నానబెట్టిన రొట్టె, బల్లల కింద అంటించిన చూయింగ్ గమ్, అన్నీ ఈ చేతులతో తీసినవే. అందుకని ఇప్పుడు నేను చెప్పేది విని, పట్నం ఆడదానికి పల్లె మురికి పడలేదని మాత్రం అనుకోకండి.

దారిలోనే మొదలైంది. సగం దూరంలో, పెట్రోలు బంకు పక్కన ఉన్న హోటల్లో కాఫీకి ఆగాం. నేను డబ్బు కట్టి వచ్చేసరికి రైమో మా బల్ల దగ్గర లేడు. పక్క బల్ల మీద ఎవరో సగం తిని వదిలేసిన దాల్చినచెక్క బన్ను ఉంటే, దాని ముందు కూర్చుని తింటున్నాడు. కొరికిన వైపు నుంచే తింటున్నాడు. బన్ను మీద లిప్‌స్టిక్ మరక కూడా కనబడుతోంది.

"రైమో! అది ఎవరిదో ఎంగిలి!"

"అయితే ఏం? వాళ్ళు వెళ్ళిపోయారు. పారేస్తారు కదా. దేశంలో తిండి ఇలా వృథా అయిపోతోంది." వేళ్ళు నాకి, బల్ల మీదున్న చక్కెర పొట్లాలూ ఆవాల ముద్ద పొట్లాలూ గుప్పెడు తీసి కోటు జేబులో పోసుకున్నాడు. తర్వాత అదే చేత్తో నా చెంప నిమిరి, "ఎంత ముద్దుగా మొహం చిట్లిస్తావో" అన్నాడు.

నవ్వేశాను. నవ్వకపోతే ఇంకా రెండు గంటల ప్రయాణం ఎలా గడుస్తుంది?

విడిది తలుపు తీయగానే ఒక వాసన వచ్చింది. ఎలకల వాసన, పాత చేప నూనె, ఆరకుండా మడిచిన తువ్వాళ్ళ వాసన, అన్నీ కలిసి చలికి గడ్డకట్టుకుని ఉండి, పొయ్యి రాజుకునే కొద్దీ కరిగి లేచాయి. చెంచాల సొరుగు లాగితే నల్ల జీలకర్ర చల్లినట్టు ఎలక పెంటికలు. రైమో వాటిని అరచేత్తో ఒక మూలకి తోసి, చాకు తీసుకుని, ప్యాంటుకి ఒకసారి తుడిచి రొట్టె కోశాడు.

"ఆ చాకు కడుగు" అన్నాను.

"కడగడమెందుకు? గడ్డకట్టిపోయాయి. గడ్డకట్టినదానికి మురికి ఉండదు."

మంచం మీద దుప్పట్లు అతని భార్య పోయినప్పటి నుంచి ఉతకలేదట. అది దాపరికం లేకుండా తనే చెప్పాడు. "ఎవరు ఉతుకుతారు? నాకు రాదు. నువ్వొచ్చావుగా, వసంతంలో అన్నీ ఉతికేద్దువుగాని." తలగడ మీద బూడిదరంగు వెంట్రుక ఒకటి పొడుగ్గా అంటుకుని ఉంది. నాది కాదు, అతనిది అంతకన్నా కాదు. ఆ రాత్రి నా కోటు పరుచుకుని, కోటు మీదే పడుకున్నాను.

మర్నాడు పొద్దున తెలిసింది దొడ్డి సంగతి. ఫిన్లాండులో పుట్టినదానికి బయటి దొడ్డి కొత్తేమీ కాదు. మా అమ్మమ్మగారింట్లోనూ ఉండేది, బల్లకి గుండ్రటి రంధ్రం, పక్కన రంపపు పొట్టు డబ్బా, గోడకి క్యాలెండరు. శుభ్రంగా ఉండేది. రైమో దొడ్డిలో మూత తీశాను. కింద ఉండాల్సింది పైకే ఉంది. ఎన్నో చలికాలాలుగా ఒకదాని మీద ఒకటి పడి గడ్డకట్టి, మొన దేలిన స్తంభంలా పెరిగి, రంధ్రానికి జానెడు దూరంలోకి వచ్చేసింది. గబుక్కున మూత వేసి బయటికొచ్చి మంచు మీద ఉమ్మేశాను.

రైమో గుమ్మంలో కాఫీ తాగుతూ చూస్తున్నాడు. "ఆ, అదా? తలుపు వెనక ఇనప గునపం ఉంటుంది. గట్టిగా ఒకటి పొడిస్తే పక్కకి పడిపోతుంది. మా ఆవిడే చేసేది. చూసుకో, పెళ్ళలు మొహమ్మీద పడతాయి, నోరు మూసుకుని పొడవాలి."

"నువ్వు పొడవచ్చుగా?"

"నాకు కంపు పడదు తార్యా. ముక్కు చాలా సున్నితం."

నేను అడవి వైపు నడిచాను. మోకాటి లోతు మంచులో, మైనస్ ఇరవైలో, ఒక చెట్టు చాటున కూర్చోవడం ఆ దొడ్డి కన్నా మర్యాదగా అనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఆర్మాస్ వచ్చాడు. సరస్సుకి అవతలి ఒడ్డున ఏడాది పొడుగునా ఉండేది ఆయనా, ఆయన భార్య హిల్యా మాత్రమే. ఎనభై దాటిన మనిషి. మంచు మీద తన్నుకుంటూ తోసుకొచ్చే బండి మీద వచ్చాడు. టోపీ తీసి గుమ్మంలోనే నిలబడ్డాడు, బూట్ల మంచు లోపల పడకూడదని. చేతిలో గుడ్డలో చుట్టిన బార్లీ రొట్టె, ఇంకా వేడిగా ఉంది.

"మా ఆవిడ పంపిందమ్మా. రైమో వస్తే ఇమ్మంది. ఇంట్లో ఆడమనిషి ఉందని తెలిస్తే రెండు పంపేది."

"ఆర్మాస్! నా ప్రాణమిత్రుడు!" అని రైమో రెండు చేతులతో ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "దారంతా మంచు ఎంత బాగా తీసేశావయ్యా! పైకప్పు మీద మంచు కూడా తోసేసినట్టున్నావు. నువ్వు లేకపోతే నా విడిది ఏమయ్యేది?"

"ట్రాక్టరు తీశాను కదాని ఇటు కూడా ఒకసారి తిప్పాను. హిల్యా అడిగింది, ఆదివారం కాఫీకి వస్తారేమోనని."

"తప్పకుండా! తప్పకుండా!"

తలుపు మూసీ మూయగానే రైమో చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అబ్బ, పశువుల పాక కంపు. చూశావా, 'ట్రాక్టరు తీశాను కదాని' అట!" ముసలాయన వణికే గొంతుని, దవడ కదిలించే తీరుని అచ్చంగా అనుకరించి నవ్వాడు. నవ్వుతూనే రొట్టె విరిచి వెన్న రాసి, సగం పైగా ఒక్కడే తినేశాడు. వెన్న గడ్డం మీదికి కారింది. "రొట్టె మాత్రం బాగా చేస్తుంది ముసల్ది. ఆదివారం నేను రాను బాబూ. ఆ ఇంట్లో రెండు నిమిషాలు కూర్చోలేం. ఒకటి మాత్రం చెప్పనా? ఈ సరస్సుకంతా ఇసుక ఒడ్డు వాళ్ళది ఒక్కటే. పిల్లలు లేరు. ఈ చలికాలమో, వచ్చే చలికాలమో. కాస్త ఓపిక పట్టామంటే..."

మిగతా సగం రొట్టె నా ముందుకి తోశాడు. వేడిగా, కమ్మగా వాసన వస్తోంది. నేను ముట్టుకోలేదు.

నిజం చెప్పాలంటే అప్పుడే వెళ్ళిపోవాల్సింది. కాని బస్సు ఆగే చోటు చాలా దూరం. కారు అతనిది. పైగా మనిషికి తన తీర్పు తప్పని ఒప్పుకోవడం కష్టం. చెల్లెలికి ఏం చెప్పను, ఎంగిలి బన్ను తిన్నాడని వదిలేశానంటానా? రెండు రోజులే కదా అనుకున్నాను.

సాయంత్రం ఆవిరిగది వేడెక్కింది. మాకు అది గుడితో సమానం. మా నాన్న అక్కడ గొంతు పెంచి మాట్లాడనిచ్చేవాడు కాదు. రైమో పై మెట్టు మీద కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని కాలిగోళ్ళు కత్తిరించుకున్నాడు. పసుప్పచ్చగా, కొమ్ముల్లా ఉన్న ముక్కలు టప్ టప్ అని కింది మెట్టు మీద, అంటే నా పక్కన పడ్డాయి. ఒకటి వెళ్ళి వేడి రాళ్ళ మీద పడి కమిలింది. ఆ కమురు వాసన ఆవిరితో కలిసి నా ముక్కులోకి, నోట్లోకి వచ్చింది. నేను లేచి వెళ్ళిపోతుంటే, "ఏంటి, అప్పుడే ఉడికిపోయావా?" అని నా వీపు మీద చరిచాడు. చేతికి అంటుకున్న గోరుముక్క ఒకటి నా వీపుకి అంటింది. మంచులోకి వెళ్ళి వీపంతా మంచుతో తోముకున్నాను. చర్మం మండేదాకా తోముకున్నాను.

మూడో రోజు చలి బాగా ముదిరింది. మైనస్ ముప్పై దాటింది. చెట్లు టపాకాయల్లా పగిలిన చప్పుళ్ళు వినబడుతున్నాయి. రెండు గంటలకల్లా వెలుగు నీలంగా మారి పోయింది. పొద్దున రైమో సరస్సు మీద కన్నం తవ్వి ఒక మాదె చేపని పట్టాడు. ఆ చేప జిగటగా, పాములా ఉంటుంది, సూపు మాత్రం చాలా బాగుంటుంది. నాకు చేప శుభ్రం చేయడం బాగా వచ్చు, ఇవ్వమన్నాను. ఇవ్వలేదు. దాని తలకి మేకు కొట్టి గోడకి వేలాడదీసి, చర్మం ఊడబెరికి, పేగులు గిన్నెలు కడిగే తొట్టిలో వదిలేశాడు. "సాయంత్రం నువ్వు తీసేద్దువులే" అన్నాడు. చేతులు కడుక్కోలేదు. ఆవిరిగదికి వెళ్ళొచ్చి, తువ్వాలు చుట్టుకుని, బీరు తెరిచి, వేలితో గిన్నెలోంచి చేప కాలేయం తీసి చప్పరిస్తున్నాడు.

అప్పుడు తలుపు మీద దబదబా చప్పుడు.

"రైమో! రైమో, తలుపు తియ్యి!"

ఆర్మాస్ గొంతు. నేను లేచాను. రైమో నాకన్నా ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి కర్టెను అంచు పక్కకి తీసి చూశాడు. వెంటనే బల్ల మీద దీపం స్విచ్చి నొక్కేశాడు. చీకటి. పొయ్యి తలుపు సందులోంచి వచ్చే ఎర్రటి గీత ఒక్కటే మిగిలింది.

"ఉష్!"

"ఏంటిది? ఎందుకు ఆర్పావు?"

"కూర్చో. చప్పుడు చెయ్యకు. కోటు కూడా లేకుండా వచ్చాడు, తాగి ఉంటాడు."

"రైమో! హిల్యా పడిపోయింది! మెట్ల మీద పడిపోయింది, నేను లేపలేకపోతున్నా! ఫోను పనిచెయ్యట్లేదు!"

నేను తలుపు వైపు వెళ్ళబోతే రైమో నా మణికట్టు పట్టుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి గుసగుసలాడాడు. బీరు, చేప కాలేయం కలిసిన ఊపిరి తడిగా చెవిలోకి తగిలింది. "నీకు తెలీదు. ఒకసారి తలుపు తీశామంటే అంతే. పోయినేడాది ట్రాక్టరు నెట్టమని పిలిచాడు, నాకు నడుం పట్టేసింది. సూపు పొయ్యి మీద ఉంది. నేను తాగున్నాను, కారు కూడా నడపకూడదు."

"నేను తాగలేదు. పద!"

"ఎనభై రెండేళ్ళు తార్యా. ఇవాళ కాకపోతే రేపు. పోయేవాళ్ళని మనం ఆపుతామా?"

నేను అరవబోయాను. నా నోరు తెరుచుకోగానే అతని అరచెయ్యి వచ్చి మూసేసింది. గట్టిగా మూసింది. తెలుసా, మనిషికి ఎంత అసహ్యం వేస్తుందో నాకు ఆ క్షణం దాకా తెలియదు. ఆ చెయ్యి జిగటగా ఉంది. చేప రక్తం, కాలేయపు కొవ్వు, బీరు, అంతకుముందు గోక్కున్న ఒంటి చెమట, అన్నీ నా పెదాల మీద, నాలుక మీద. బయట ముసలాయన ఇంకోసారి కొట్టాడు, ఈసారి మెల్లగా. "ఎవరైనా ఉన్నారా..." అన్నాడు. తర్వాత మెట్లు దిగిన చప్పుడు.

కొరికేశాను. బొటనవేలి కింద కండ దొరికింది, పళ్ళు దిగేదాకా కొరికాను. అతను గావుకేక పెట్టి వదిలేశాడు.

"పిచ్చిదానా! రక్తం వస్తోంది!"

ఉమ్మేశాను. ఆ నేల మీదే ఉమ్మేశాను. బూట్లు, కోటు, టోపీ చీకట్లోనే తొడుక్కున్నాను. అతను వెనకాల నుంచి అంటూనే ఉన్నాడు: "వెళ్తే వెళ్ళు, తిరిగి రాకు! ఎవరో ముసల్దాని కోసం నన్ను కొరుకుతావా? టెటనస్ వస్తే?"

వాకిట్లో కట్టెలు మోసే పొడుగాటి లాగుడు బండి ఉంది. దాని తాడు భుజానికి వేసుకుని సరస్సు మీదికి దిగాను. ఫోను తీసి అత్యవసర నంబరుకి కొట్టాను. ఒక అమ్మాయి ఎత్తింది. అంబులెన్సు రావడానికి గంట పడుతుందనీ, ఆమెని ముందు చలిలోంచి లోపలికి చేర్చమనీ చెప్పింది. "తుంటి విరిగినా సరే, కదపండి. ఈ చలిలో గంట ఉంటే తుంటితో పని ఉండదు" అంది.

నడిమధ్యలో ఆర్మాస్‌ని కలుసుకున్నాను. వంగిపోయి, తడబడుతూ వెళ్తున్నాడు. పల్చటి స్వెట్టరు, కనుబొమల మీద మంచు. కోటు హిల్యా మీద కప్పి వచ్చాడట. బండి తాడు రెండో కొస పట్టుకున్నాడు, అంతే. ఇద్దరం పరుగులాంటి నడకతో వెళ్ళాం.

హిల్యా ఆవిరిగది మెట్ల కింద పక్కకి ఒరిగి పడి ఉంది. చిన్న మనిషి, పిట్టంత మనిషి. కళ్ళు తెరిచే ఉన్నాయి. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"ఎవరు నువ్వు?" అంది.

"తార్యా. అవతలి ఒడ్డు నుంచి వచ్చానమ్మా."

"రొట్టె బాగుందా?"

"చాలా బాగుంది." అబద్ధం, నేను తినలేదు. "ఇప్పుడు బండి మీదికి దొర్లిస్తాం. నొప్పెడుతుంది. కావాలంటే తిట్టండి."

తిట్టింది. ఎనభై రెండేళ్ళ ఆవిడ నోట అన్ని బూతులు నేనెప్పుడూ వినలేదు. మా తిట్లన్నీ దయ్యాల పేర్లే, వాటన్నిటినీ వరసగా పిలిచింది. ఆర్మాస్ ఆమె తల పట్టుకుని, "అవును, అవును, ఇంకోటి అను" అంటూ ఉన్నాడు. ఇంటి మెట్ల మీద బండిని మేం ఎలా ఎక్కించామో నాకు సరిగ్గా గుర్తులేదు. ఆయన ఊపిరి ఈల వేస్తోంది. నా చేతివేళ్ళకి స్పర్శ లేదు. పొయ్యి ముందు బండితో సహా దించి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పాం. దుప్పట్లు సబ్బు వాసన వేస్తున్నాయి. నేల మీద చేత్తో నేసిన చాపలు దులిపి పరిచి ఉన్నాయి. రెండు నిమిషాలు కూర్చోలేమని రైమో అన్నది ఈ ఇంటి గురించే!

"ఆర్మాస్, బంగాళాదుంపలు మాడుతున్నాయి" అంది హిల్యా నేల మీద నుంచి.

ఆయన వెళ్ళి గిన్నె దించాడు. అప్పుడు ఆమె నన్ను అడిగింది. "రైమో ఊళ్ళో లేడా?"

ఆర్మాస్ వీపు ఇటు తిప్పే ఉంది. "నిద్రపోయి ఉంటాడు" అన్నాడు. "దీపం వెలుగుతూ ఉండింది. తర్వాత ఆరిపోయింది. నిద్రపోయి ఉంటాడు."

ఆయనకి అంతా తెలుసు. తెలిసీ ఆ పక్కింటివాడి పరువు కాపాడుతున్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాని ఆ అబద్ధాన్ని ఆయన మోయడం నేను చూడలేకపోయాను.

"నిద్రపోలేదు. మీరు పిలిచింది విన్నాడు. దీపం తనే ఆర్పాడు. నన్ను రానివ్వకుండా నోరు మూశాడు."

"నోరు మూశాడా?" అంది హిల్యా. "మరి ఎలా వచ్చావే?"

"కొరికాను."

ఆమె నవ్వబోయి, తుంటి కలుక్కుమని మళ్ళీ ఒక దయ్యాన్ని పిలిచింది.

అంబులెన్సు వచ్చి నీలం దీపాలు మంచు మీద తిరగడం మొదలుపెట్టాక ఇరవై నిమిషాలకి తలుపు తెరుచుకుంది. రైమో. జుట్టు నీళ్ళతో దువ్వుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సెంటు పూసుకున్నాడు! ఆ సెంటు వాసన హాల్లో నన్ను మురిపించిందే. ఇప్పుడు అది తగలగానే ఒక అడుగు వెనక్కి వేశాను. అతని బొటనవేలికి తెల్ల గుడ్డ కట్టి ఉంది.

"అయ్యో హిల్యా! అయ్యో తల్లీ!" అంటూ స్ట్రెచరు మీదికి వంగాడు. "ఆర్మాస్, నన్నెందుకు లేపలేదయ్యా? ఇంత గాఢంగా నిద్రపట్టేసింది! కిటికీలోంచి ఈ దీపాలు చూసి గుండె ఆగిపోయిందనుకో." ముసలాయన భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. అంబులెన్సు కుర్రాడు వేలి కట్టు చూసి ఏమైందని అడిగితే, "చేపల డబ్బా మూత గీసుకుంది" అన్నాడు. కళ్ళలో నిజంగా నీళ్ళున్నాయి. అవే నన్ను ఎక్కువ వణికించాయి. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకున్నాడు?

"అది నా పళ్ళ గాటు" అన్నాను నేను గట్టిగా. "ఆయన మెలకువగానే ఉన్నారు. ఆర్మాస్ గారు తలుపు కొడుతుంటే దీపం ఆర్పేసి కూర్చున్నారు. రాసుకోవాలంటే రాసుకోండి, మనిషి కాటుకి మందు వేరేగా ఉంటుందేమో."

కుర్రాడు నన్ను చూశాడు, రైమోని చూశాడు. స్ట్రెచరు పట్టీలు బిగించడంలో పడ్డాడు.

"షాక్‌లో ఉంది పాపం" అన్నాడు రైమో అందరికీ వినబడేలా. "ఆడవాళ్ళకి ఇలాంటప్పుడు..."

"రైమో" అన్నాడు ఆర్మాస్. గొంతు పెంచలేదు. భుజం మీదున్న చెయ్యిని రెండు వేళ్ళతో ఎత్తి, దారిలో చచ్చిన ఎలకని తీసినట్టు తీసి, పక్కకి వదిలాడు. "నా ఇంట్లోంచి బయటికి నడు."

"అదేంటయ్యా, పక్కింటివాళ్ళం, ఇన్నేళ్ళు..."

"తలుపు తీసి ఉంది. వేడి పోతోంది."

అతను వెళ్ళాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు: "సూపు ఇంకా వేడిగానే ఉంది. కోపం తగ్గాక రా."

ఆర్మాస్ అంబులెన్సులో హిల్యాతో వెళ్ళాడు. పొయ్యి ఆరిపోతే పైపులు గడ్డకట్టి పగులుతాయి కాబట్టి నేను ఆ ఇంట్లో ఉండిపోయాను. పొయ్యిలో కట్టెలు వేశాను. మాడిన గిన్నె తోమాను. వేడినీళ్ళతో నోరు పుక్కిలించాను, ఉప్పుతో పళ్ళు తోముకున్నాను, మళ్ళీ పుక్కిలించాను. ఆ రుచి పోలేదు. ఒకసారి బయటికి పరిగెత్తి మంచులో వాంతి చేసుకున్నాను. తర్వాత కొంచెం తేలిక పడింది.

మర్నాడు వెలుగు రాగానే నా పెట్టె కోసం వెళ్ళాను. పేగులు ఇంకా తొట్టిలోనే ఉన్నాయి. రైమో బల్ల దగ్గర కూర్చుని చల్లారిన సూపు తింటున్నాడు. "చూడు" అన్నాడు, కట్టు చూపిస్తూ, "వాచింది. దీని గురించి ఒక్క మాట అడిగావా? పోనీలే, నేను మనసులో పెట్టుకోను. ఆదివారం దాకా ఉందాం. ముసలాళ్ళ గొడవ మన మధ్యకెందుకు?"

అతనికి నిజంగా అర్థం కాలేదు. అది చూసి నాకు కోపం కూడా రాలేదు. పాచిపోయిన అన్నం మీద కోపం వస్తుందా? పెట్టె తీసుకుని నా కోటు దులిపి దులిపి వేసుకుని బయటికొచ్చాను. పెద్ద రోడ్డు దాకా నడుస్తుంటే దారిలో పాలలారీ డ్రైవరు ఎక్కించుకున్నాడు. ఊళ్ళో ఆసుపత్రికి వెళ్ళి హిల్యాని చూసి, ఆ సాయంత్రం బస్సులో ఔలు చేరాను.

రిత్వా వెంటనే ఫోను చేసింది. "ఏమే, స్వర్గం ఎలా ఉంది?" మొత్తం చెప్పాను. కాలిగోళ్ళ దగ్గర "ఛీ ఛీ, ఆపు" అంది. దీపం ఆర్పిన దగ్గర మాత్రం, "వాడి నంబరు తీసెయ్యి" అంది. అప్పటికే తీసేశాను. డాన్సు హాల్లో మాత్రం రైమో, నాకు మతి చెడిందనీ, ఉన్నట్టుండి మనుషుల్ని కొరుకుతాననీ చెప్పుకు తిరిగాడట. అది విన్న ఆడవాళ్ళు కొందరు, ఎందుకు కొరికానని నన్నే వచ్చి అడిగారు. నేను దాచకుండా చెప్పాను. ఆ తర్వాత అతను వేరే హాలుకి మారాడని విన్నాను. అక్కడ మళ్ళీ ఎవరి కుర్చీ ముందో వంగి ఉంటాడు.

హిల్యా తుంటికి ఆపరేషన్ చేశారు. మంచు కరిగే వేళకి చక్రాల ఊతబండి తోసుకుంటూ ఇంటికి చేరింది. జూన్‌లో రమ్మని ఆర్మాస్ ఫోను చేశాడు. వెళ్ళాను. సరస్సు నీలంగా తళతళలాడుతోంది. ఇసుక ఒడ్డు మీద బల్ల వేసి, కొత్త బంగాళాదుంపలు, పొగబెట్టిన చేప, పచ్చి ఉల్లికాడలు పెట్టాడు ఆర్మాస్. కూర్చోబోతుంటే అవతలి ఒడ్డున తెల్ల చొక్కా ఒకటి కదిలింది. రైమో పడవ దగ్గర నిలబడి, మమ్మల్ని చూసి, చెయ్యెత్తి హాయిగా ఊపాడు.

"హోయ్! ఎండ బాగుంది కదూ!" అని నీళ్ళ మీదుగా కేక వేశాడు. "ఒకరోజు కాఫీకి వస్తా!"

అంతే. ఏమీ జరగనట్టు. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఉల్లికాడల వాసన మధ్య నాకు మళ్ళీ అతని చేతి జిగట గుర్తొచ్చి పెదాలు గట్టిగా తుడుచుకున్నాను. హిల్యా ఊతబండి ఇంటి వైపు తిప్పింది. ఆర్మాస్ చేప పళ్ళెం అందుకున్నాడు, నేను దుంపల గిన్నె అందుకున్నాను.

ఆ రోజు ఎండ నిజంగానే బాగుంది. అయినా భోజనం లోపలే చేశాం.